తాత కత్తికి ఏ బట్ట?

మా తాత కత్తి ఇప్పుడు రియాద్‌లో నా బాత్రూం అద్దం పక్కన ఉంది. మడత పెట్టే పాతకాలపు మంగలికత్తి. జర్మనీలోని సోలింగెన్ ఊరి ముద్ర సగం అరిగిపోయి కనిపిస్తుంది. తాత ఆ కత్తితో గుంటూరు జిల్లాలో మా ఊరి గడ్డాలన్నీ గీశాడు. నాన్న సెలూన్ పెట్టి, ఆ సంపాదనతో నన్ను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ దాకా చదివించాడు. చదివించినన్నాళ్ళూ ఆయనది ఒకటే నియమం: సెలూన్లో లెక్కలు రాయొచ్చు, నేల ఊడవచ్చు, కత్తి మాత్రం ముట్టుకోకూడదు. అలా మా ఇంట్లో కత్తికి పదును పెట్టడం తెలియని మొదటివాణ్ణి నేనయ్యాను.

పోయినసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అటక మీద తాత పొది దొరికింది. "ఈ కత్తి నేను తీసుకెళ్తా నాన్నా" అంటే ఆయన ముఖం చిట్లించాడు. "నిన్ను చదివించింది దీనికేనట్రా?" అన్నాడు. ప్రయాణం రోజు మాత్రం తనే కత్తికి నూనె రాసి, గుడ్డలో చుట్టి నా పెట్టెలో పెట్టాడు. (చేతిసంచీలో పెడితే విమానం ఎక్కనివ్వరు. చెక్-ఇన్ సామాన్లలోనే పెట్టాలి. నాలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటే గుర్తుంచుకోండి.)

పొదిలో తాత తోలుపట్టీ కూడా ఉంది గానీ, ఎండి బీటలు వారిపోయింది. కొత్తది సొంతంగా చేసుకుందాం అనుకున్నాను. తోలు సులభంగానే దొరికింది. తలనొప్పంతా ఆ తోలుకి జతగా ఉండాల్సిన బట్టతోనే వచ్చింది. ఆ బట్టని ఎలా ఎంచుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

పట్టీకి బట్ట ఎందుకు?

ఈ పట్టీని ఇంగ్లీషులో స్ట్రాప్ అంటారు. సంచికి ఉండే స్ట్రాప్ కాదు, దాని స్పెల్లింగు వేరు. గోడకి వేలాడదీసే రకంలో సాధారణంగా రెండు పట్టీలు ఒకే కొక్కేనికి ఉంటాయి: ఒకటి తోలు, రెండోది బట్ట. కత్తిని ముందు బట్ట మీద, తర్వాత తోలు మీద ఆడిస్తారు. కత్తి వీపు ముందు నడవాలి, పదును వెనక రావాలి. చివరికి రాగానే కత్తిని వీపు మీదుగా తిప్పాలి. పొరపాటున పదును మీదుగా తిప్పితే పట్టీ తెగుతుంది, పదును కూడా పోతుంది.

సానరాయి ఉక్కును అరగదీసి పదును పుట్టిస్తుంది. పట్టీ పని అది కాదు. ఉన్న పదునును శుభ్రం చేసి, కాస్త పక్కకు వంగిన అంచును మళ్ళీ నిలబెట్టడం దాని పని. అందులో బట్ట వంతు ముఖ్యంగా శుభ్రత. గడ్డం గీశాక అంచు మీద మిగిలిన సబ్బు పొర, తడి, అప్పుడే మొదలైన సన్నటి తుప్పు, ఇవి తుడిచేది బట్టే. జెడ్డా, దమ్మాం లాంటి సముద్రపు ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఈ తుప్పు బాధ మాకన్నా ఎక్కువ. పాత కత్తులు స్టెయిన్‌లెస్ కావు, ఉప్పుగాలికి ఒక్క రాత్రిలో మచ్చ పడతాయి.

మన భాషలో చెప్పాలంటే సానరాయి కోడ్ తిరగరాయడం, పట్టీ రోజూ నడిచే క్లీనప్ స్క్రిప్టు. ఆ క్లీనప్ స్క్రిప్టులోనే బగ్ ఉంటే ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. నాకు సరిగ్గా అదే జరిగింది.

నేను చేసిన తప్పు

మొదట బత్‌హాలో ఒక దుకాణంలో ముతక కాటన్ కేన్వాస్ ఒక మీటరు కొన్నాను. ఉతికి, డాబా మీద తీగకి ఆరేశాను. అది ఏప్రిల్ నెల. సాయంత్రం కాస్త గాలి దుమారం వచ్చిపోయింది. రియాద్‌లో ఆ రోజుల్లో అది వార్త కూడా కాదు. బట్టని నాలుగు దులుపులు దులిపి, ఇస్త్రీ చేసి, పట్టీకి బిగించి తాత కత్తిని పాతికసార్లు ఆడించాను. మర్నాడు పొద్దున గీసుకుంటుంటే కత్తి కొయ్యడం మానేసి వెంట్రుకల్ని పీకుతోంది. చెంప మీద ఎర్రటి గీత కూడా పడింది. అరవై రెట్లు పెద్దగా చూపించే భూతద్దంలో చూస్తే అంచు మీద మూడు నొక్కులు!

కారణం చాలా మామూలుది. ఎడారి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. మోస్ స్కేలు మీద దాని కాఠిన్యం 7. గట్టిపరిచిన ఉక్కు సుమారు ఆరున్నర. సరిగా నూరిన కత్తి అంచు మందం అర మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది. గాలిలో ఎగిరొచ్చే దుమ్ము రేణువు కొన్ని మైక్రాన్ల నుంచి పదుల మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే నా పట్టీ మీద కత్తి అంచు వెళ్ళి తనకన్నా గట్టివి, తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవి అయిన రాళ్ళను గుద్దుకుంది.

ఆ నొక్కులు పోవడానికి మూడు సాయంత్రాలు సానరాళ్ళ మీద కూర్చున్నాను. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"బట్ట ఎక్కడ ఆరేశావ్?"

"డాబా మీద."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇనుం అరిగితే మళ్ళీ పెరగదురా" అన్నాడు.

ఆయన అన్నది నిజం. తాత కత్తిలో కొంత ఉక్కు నా అజాగ్రత్త వల్ల శాశ్వతంగా పోయింది. అందుకని ఆ రోజు నుంచి ప్రయోగాలన్నీ వేరే కత్తి మీదే చేశాను. ఇంటర్నెట్‌లో చవగ్గా దొరికిన ఒక పాత కత్తి కొని దాన్ని టెస్ట్ సర్వర్ చేసుకున్నాను. తాత కత్తి ప్రొడక్షన్.

నార సంగతి

బట్ట ఎంపికలో మొదటి ప్రశ్న అది ఏ నారతో చేసినది అన్నది. పాత పట్టీలలో ఎక్కువగా కనిపించేది లినెన్, అంటే అవిసె మొక్క కాండం నుంచి తీసిన నార. దాని తర్వాత కాటన్. లినెన్ నార పొడుగ్గా, గట్టిగా ఉంటుంది, అంతగా సాగదు. పట్టీకి సాగకపోవడం చాలా ముఖ్యం. సాగిన బట్ట మధ్యలో లోపలికి వంగుతుంది, అంచు అందులో కూరుకుపోయి గుండ్రంగా మొద్దుబారుతుంది. అయితే చవకరకం లినెన్‌లో కాండం పొట్టు ముక్కలు దారంలో మిగిలి ఉంటాయి. వాటిని చేత్తో తడిమి ఏరెయ్యాలి. గోనెసంచి నార కూడా మొక్క నారే కదా అని ఒక మిత్రుడు అడిగాడు. అది మరీ గరుకు, పుల్లలు ఎక్కువ. వద్దు.

పాలియెస్టర్, నైలాన్ సంగతేమిటి? కొందరు కారు సీటుబెల్టు పట్టీని వాడి బాగానే ఉందంటారు. నేను కూడా వాడి చూశాను, దాని గురించి తర్వాత చెప్తాను. కానీ మా ఊళ్ళో వీటితో ఒక అదనపు చిక్కు ఉంది. ప్రామాణిక పరిస్థితుల్లో, అంటే గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, వంద గ్రాముల పొడి కాటన్ ఎనిమిది గ్రాముల దాకా నీటిని పట్టుకుంటుంది. లినెన్ పన్నెండు దాకా పట్టుకుంటుంది. పాలియెస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. తేమ లేని బట్ట మీద రాపిడికి పుట్టిన స్థిర విద్యుత్తు పోయే దారి ఉండదు. రియాద్ వేసవిలో గాలిలో తేమ 10, 15 శాతానికి పడిపోవడం మామూలే. ఆ గాలిలో పాలియెస్టర్ పట్టీని వేలాడదీస్తే గదిలో ఉన్న దుమ్మునంతా అదే లాక్కుంటుంది. నా మూడు నొక్కుల కథ తెలిశాక ఇది చిన్న విషయం కాదని మీరు కూడా ఒప్పుకుంటారు.

నేత, బరువు, గంజి

రెండో ప్రశ్న నేత. పడుగు, పేక దగ్గర దగ్గరగా ఉండాలి. దీపానికి అడ్డం పెట్టి చూస్తే వెలుగు చుక్కలు కనబడకూడదు. చీరలకి పేరున్న మంగళగిరి కాటన్, పొందూరు ఖద్దరు ఎంత గొప్పవైనా ఈ పనికి మరీ పల్చన. చదరపు మీటరుకి 400 గ్రాములు, ఆ పైన ఉన్న బట్ట కావాలి. జీన్స్ లెక్కలో చెప్పాలంటే 12 ఔన్సుల డెనిమ్ అన్నమాట. డెనిమ్ కొనేటప్పుడు లేబుల్ చూడండి. ఈ రోజుల్లో చాలా జీన్స్‌లో సాగే ఎలాస్టేన్ దారం కలుస్తోంది. రెండు శాతం ఉన్నా పట్టీకి పనికిరాదు.

మూడో ప్రశ్న ఎవరూ అడగనిది: బట్టలో బట్ట కానిది ఏముంది? మగ్గం మీద పడుగు దారాలు తెగకుండా గంజి పెడతారని మనకి తెలుసు. మిల్లుల్లో గంజి గానీ, అలాంటి పని చేసే రసాయనం గానీ వాడతారు. ఆపైన మెరుపు కోసం, ముడతలు పడకుండా ఉండటం కోసం, నీరు పట్టకుండా ఉండటం కోసం రకరకాల పూతలు. కొత్త బట్ట మీద కత్తిని ఆడిస్తే మీరు నిజానికి ఈ పూతల మీద ఆడిస్తున్నట్టు.

నాలుగు పరీక్షలు

బజారులో లేబుల్ లేని బట్టే ఎక్కువ. దుకాణదారుడు ప్రతిదాన్నీ "ప్యూర్ కాటన్" అనే అంటాడు. అందుకని చిన్న ముక్క తెచ్చుకుని ఇంట్లో ఈ పరీక్షలు చెయ్యండి.

1. నిప్పు. నాలుగు దారాలు తీసి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అంటించండి. కాటన్, లినెన్ కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతాయి. ఉన్ని వెంట్రుక కాలిన కమురు వాసన వేస్తుంది. పాలియెస్టర్, నైలాన్ కరిగి గట్టి పూసలా మిగులుతాయి. బూడిదలో గట్టి పలుకులు తగిలితే మిశ్రమం ఉన్నట్టే. పడుగు దారాలు, పేక దారాలు విడివిడిగా కాల్చాలి. ఒకటి కాటన్, ఇంకొకటి పాలియెస్టర్ అయి ఉండొచ్చు.

2. నీటి చుక్క. బట్ట మీద ఒక చుక్క వెయ్యండి. వెంటనే ఇంకితే మంచిది. ముత్యంలా నిలబడితే మైనమో ఇంకేదో పూత ఉంది.

3. అయోడిన్. మందుల షాపులో దొరికే బెటాడిన్ ఒక చుక్క నీళ్ళలో పల్చన చేసి వెయ్యండి. నీలం-నలుపు రంగుకి తిరిగితే అందులో గంజి ఉంది. పదో తరగతి ప్రయోగమే.

4. టేపు. ఉతికి ఆరాక పారదర్శకమైన టేపు అంటించి లాగి, భూతద్దంలో చూడండి. నూగు ఉంటే ఫరవాలేదు. మెరిసే రేణువులు కనిపిస్తే మళ్ళీ ఉతకాలి. నేను మొదట్లో చెయ్యని పరీక్ష ఇదే.

రియాద్ బజారులో

ఈ పరీక్షలు చేతిలో పెట్టుకుని శుక్రవారాలు తిరిగాను. దొరికినవి, వాటి ఫలితాలు ఇవి.

గుడారాల కేన్వాస్: చూడటానికి అచ్చం కావలసిన బట్టే. బరువు, నేత అన్నీ సరిపోయాయి. నీటి చుక్క మాత్రం గంట సేపు అలాగే కూర్చుంది. వానకి తడవకుండా మైనం పూత ఉంటుంది, రెండుసార్లు ఉతికినా పోలేదు. గుడారం అనగానే హజ్ సమయంలో టీవీలో కనిపించే మినా తెల్ల గుడారాలు గుర్తొస్తాయి. 1997లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత వాటిని టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్‌తో కట్టారు. అది గాజు నార. కత్తి దగ్గరికి కూడా రానివ్వకూడదు.

తోబ్ గుడ్డ: ఇక్కడివాళ్ళు వేసుకునే తెల్లటి తోబ్‌కి జపాన్ మిల్లుల బట్టకి మంచి పేరు. నేను చూసినవాటిలో చాలావరకు పాలియెస్టరో, పాలియెస్టర్ కలిసినవో. పైగా పల్చన. వద్దు.

సీటుబెల్టు: పాత కార్ల సామాను అమ్మే చోట అయిదు రియాళ్ళకి ఇచ్చాడు. నేత చాలా గట్టిది, అసలు సాగదు. టెస్ట్ కత్తి మీద ఫలితం నిజంగానే బాగుంది. కానీ వెడల్పు అయిదు సెంటీమీటర్ల లోపే, కత్తిని ఏటవాలుగా నడపాలి. వారం తిరక్కుండా దాని మీద దుమ్ము పొర తేలింది. తేమ ఉండే ఊళ్ళలో ఉన్నవాళ్ళు ప్రయత్నించొచ్చు.

అగ్నిమాపక గొట్టం: పాత లినెన్ ఫైరు గొట్టాలు కోసి పట్టీలు చేసుకునేవారని చదివి వెతికాను. ఇప్పటివి పాలియెస్టర్ నేత, లోపల రబ్బరు. కాలం చెల్లిన చిట్కా.

సదూ పట్టీ: మస్మక్ కోటకి దగ్గర్లో ఉన్న జల్ సూక్‌లో సదూ నేత పట్టీ ఒకటి కొన్నాను. ఎడారి బెదూయిన్ స్త్రీలు నేల మీద పరిచిన మగ్గంతో, గొర్రె ఉన్ని, మేక, ఒంటె వెంట్రుకలతో నేసే నేత ఇది. 2020లో సౌదీ, కువైట్ దేశాల పేరిట యునెస్కో జాబితాకి ఎక్కింది. పడుగు దారాలే పైకి కనిపిస్తూ, పేక పూర్తిగా లోపల దాక్కుంటుంది. అంత బిగువైన చేనేత నేను ఇంకెక్కడా చూడలేదు. అయితే ఉన్ని మెత్తగా స్ప్రింగులా అణిగి లేస్తుంది, అంచు అందులో మునుగుతుంది. అసలు సంగతేమిటంటే దాన్ని కత్తిరించడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు హాల్లో గోడ మీద ఉంది.

చివరికి మిగిలినవి రెండు: బాగా ఉతికిన ముతక కాటన్ కేన్వాస్, ఒక టైలరు దగ్గర దొరికిన బరువైన లినెన్. రెండూ బాగానే పనిచేశాయి. లినెన్ మీద కత్తికి పట్టు కాస్త ఎక్కువ తెలుస్తుంది. నా ఒక్క గడ్డం మీద చేసిన పరీక్ష కాబట్టి దీన్ని బెంచ్‌మార్క్ అనను.

నవారు

ఈ జాబితా అంతా నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. స్ప్రెడ్‌షీట్ ఉందని కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మీ తాత నవారు ముక్క వాడేవాడురా. పాత మంచానిది. గోడ మేకుకి కట్టి, ముందు దాని మీద, తర్వాత తోలు మీద."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు అడగలా."

నిజమే. నేను ఇంటర్నెట్‌ని అడిగాను, టైలర్లని అడిగాను, గుడారాల దుకాణంలో అడిగాను. కత్తి ముట్టుకోవద్దన్న మనిషిని కత్తి గురించి అడగొచ్చని నాకు తట్టలేదు.

ఆలోచిస్తే నవారులో నేను వెతికిన లక్షణాలన్నీ ఉన్నాయి. మనిషి బరువు మోయడానికి నేసిన పట్టీ కాబట్టి దట్టంగా ఉంటుంది. రెండు పక్కలా నేత అంచే ఉంటుంది, దారాలు ఊడవు, మడిచి కుట్టే పని లేదు. వెడల్పు కూడా దాదాపు సరిపోతుంది. కత్తి పలక ఏడు సెంటీమీటర్లు, మా నవారు మూడు అంగుళాలు. ఏళ్ళ తరబడి మంచం మీద బిగుసుకుని ఉండటంతో సాగాల్సినదంతా ఎప్పుడో సాగిపోయింది. ఎన్నోసార్లు ఉతికినది కనక గంజి జాడ లేదు. ఒక్క హెచ్చరిక: ఇప్పుడు కొత్తగా అమ్మే నవారులో నైలాన్, ప్లాస్టిక్ రకాలు చాలా ఉన్నాయి. నిప్పు పరీక్ష తప్పనిసరి.

మా ఊరి నుంచి వస్తున్న సహోద్యోగి ఒకాయన సామాన్లలో రెండు మూరల నవారు వచ్చింది. అమ్మ ఉతికి పంపింది. అయినా నేను మళ్ళీ ఉతికాను.

తయారీ క్లుప్తంగా

ఏ బట్ట అయినా పద్ధతి ఇదే. గంజిని విడగొట్టే ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్ వేసిన గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. తర్వాత వేడినీళ్ళలో ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి. సాఫ్ట్‌నర్ వద్దు, అది జిడ్డు పొర వదులుతుంది. కొత్త కాటన్ ఈ దశలోనే కుంచించుకుపోతుంది. నా 24 అంగుళాల కేన్వాస్ ముక్క 22కి దిగింది. అందుకని ఉతికాకే కొలిచి కత్తిరించండి. కిటికీలు మూసిన గదిలో, కింద చిన్న బరువు కట్టి వేలాడదీసి ఆరబెట్టండి. ఆరాక ఇస్త్రీ, ఆపైన టేపు పరీక్ష. చివర్లు రెండూ తోలు ముక్కల మధ్య పెట్టి గట్టిగా కుట్టండి. పని చేసే పొడవు యాభై సెంటీమీటర్లు ఉంటే చాలు.

వాడేటప్పుడు పట్టీని బిగుతుగా లాగి పట్టుకోండి. కత్తిని బల్లపరుపుగా పడుకోబెట్టి, కత్తి బరువు తప్ప మీ చేతి బరువు పడకుండా బట్ట మీద ఇరవై, తోలు మీద నలభై, యాభై సార్లు నడిపితే సరిపోతుంది. పని అయ్యాక పట్టీని చుట్టి మూతున్న డబ్బాలో పెట్టండి. గోడకి వేలాడుతుంటే చూడటానికి అందంగానే ఉంటుంది గానీ, మన ఎడారి ఊళ్ళలో కుదరదు.

తాత కత్తిని మళ్ళీ పట్టీ మీద పెట్టిన రోజు నాన్నకి వీడియో కాల్ చేశాను. ఫోన్ అద్దానికి ఆనించి ఆడిస్తుంటే, "వీపు లేపకు... లేపకు... ఆఁ, అట్టా" అంటూ ఉన్నాడు. గడ్డం గీసుకున్నాక చెంప దగ్గరగా చూపించమన్నాడు. చూపించాను. "దవడ కింద వదిలేశావ్" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

రెండు రోజుల తర్వాత తనే ఫోన్ చేశాడు. ఆ మంచం నవారు ఇంకా నాలుగు మూరలు మిగిలిందట. పారెయ్యనా, ఉంచనా అని అడిగాడు.

ఉంచమన్నాను.